ఐలమ్మ గొంతు కొరకు జ్ఞానయ్య కెమెరా దండయాత్ర

అఖిల భూమండలమునకు లుంగీలును దిండు గలీబులును నేసియిచ్చి తాను మాత్రము దూదిధూళి కప్పుకొని తిరుగు భివండీ మహాపట్టణంబున, పేరునందు తప్ప మరెక్కడను శాంతి కానరాని శాంతి నగరంబున, వానలు వెనుదిరిగినను గుంతలలో నీరింకని యొకానొక మధ్యాహ్నంబున ఒక మహాయుద్ధము జరిగెను. రక్తము చిందలేదు గాని, సుజనులారా, చెమట చాలనే చిందినది. వినుడు!

వీరుడెవ్వడందురా? తెగిన పోగును రెప్పపాటున ముడివేయు అంగుళీచాతుర్యధురంధరుడు, జోడు సాంచల సారథి, ఆ మరమగ్గముల మోతచే సంప్రాప్తించిన ఉభయకర్ణమాంద్యమును ఆభరణమువలె ధరించినవాడు, సంఘమున జరిగిన ప్రతి బాప్తిస్మమునకును ప్రతి పుట్టినరోజునకును క్యామ్‌కార్డరు కంటికానించి, పెద్దల తలలు కోసి మొండెములను మాత్రము నిరపాయముగా చిత్రించిన ఛాయాగ్రాహక చక్రవర్తి, జ్ఞానయ్య! కూలి అడగక, ఎవరును పిలువకయే ఇంతపని చేసినవాడు లోకమున మరియొకడు లేడు.

అట్టి వీరునకు ఒక దుఃఖము కలదు. ఆతని పాత క్యాసెట్ల క్యామ్‌కార్డరునందు బ్యాండుమోత వినబడును, పాస్టరుగారి దగ్గు వినబడును, ఎవరి చంటిబిడ్డయో ఏడ్చిన ఏడుపు వినబడును. ధర్మపత్ని ఐలమ్మ మాట మాత్రము వినబడదు. పెదవులు కదలును, అంతే. వచ్చేవారమే కుమార్తె లిడియాకు పెండ్లి. పిమ్మట సూరత్ కాపురము. తల్లి దీవెనను బొమ్మతోను గొంతుతోను పట్టి బిడ్డచేతికీయవలెనని జ్ఞానయ్య గుండెలో కోరిక. పాతదాని మైకు చచ్చినదని తీర్పుచెప్పి, దానిని బీరువాపైకి బహిష్కరించి, కార్ఖానా సేఠును ప్రార్థించి, బతిమాలి, చివరకు అలిగి, అర్ధదినపు సెలవు సాధించి, నడియింట నిలిచి ప్రతిజ్ఞచేసెను.

“మీ అవ్వ మాట పట్టని కెమెరా నాకు కెమెరానే గాదు, బిడ్డా! గా అంజూర్ ఫాటల ఎన్ని దుకాన్లుంటె అన్ని తిరుగుత. మాట పట్టేది తేకుంటే నా పేరు జ్ఞానయ్యనే గాదు!”

“ఫోన్‌ల తీస్తె అయిపాయె గద బాపూ. ఖాలీపీలీ గీ తిప్పలెందుకు?” అని లిడియా అనెను.

“ఫోనా! ఫోన్ల తీసినోన్ని ఎవ్వడన్న కెమెరామ్యాన్ అంటడా?” అని వీరుడు గర్జించెను. అసలు సంగతి ఇక్కడ బయటపడినదని మీకు తెలిసినది, నాకు తెలిసినది. ఆతనికి మాత్రము తెలియలేదు.

అంతట ఐలమ్మతో గూడి ఆ మువ్వురు షేర్ రిక్షాయను రథమునెక్కి, గుంతలయందు మునిగి తేలుచు, గోదాములకు పోవు ట్రక్కుల గజయూథముల నడుమ నలుగుచు, హారనుల శంఖారావములకు ప్రత్యుత్తరముగా డ్రైవరు చేయు తిట్ల స్తోత్రములు వినుచు, ఎముకలన్నియు ఉన్నవో లేవో తడిమిచూచుకొనుచు అంజూర్ ఫాటా చేరిరి. ఎదుట ఎలక్ట్రానిక్స్ దుకాణము! గోడ పొడవునా టీవీలు, అన్నియు ఒక్కసారిగా అరచుచున్నవి. అందు వైభవ్ అను సేల్స్‌మన్ ఎదురువచ్చెను. తాతలది సిరిసిల్లయే గాని, మరాఠీబడి చదువు చదివి, పుట్టి బుద్ధెరిగి సాంచ మొఖము చూడనివాడు.

“కామ్‌కార్డరా కాకా? ఆత్తా కోణ్ ఘేతో, ఇప్పుడు ఎవ్వరు కొంటున్నరు! సబ్ మొబైల్‌లనే తీస్తున్నరు. మూడే పీస్‌లున్నయ్, చూడుండ్రి.”

యుద్ధము ఆరంభమయ్యెను. మొదటిది దూరదృష్టిలో గద్దకు గురువు. రోడ్డవతల గోదాము కాపలాదారుని మీసము లెక్కింపనిచ్చెను. దాని యెదుట ఐలమ్మ నిలిచి, కొంగు సర్దుకొని, రెండుమాటలు పలికెను. మరల వేసిచూడగా టీవీల కోలాహలము వచ్చినది, ఐలమ్మ మాట రాలేదు. అది కూలెను. రెండవది చేయి ఎంత వణకినను బొమ్మ వణకని స్థితప్రజ్ఞ. అదియు అట్లే కూలెను. మూడవది అద్దాల బల్లపై ఎందరో పిసికి పిసికి విడిచిన డిస్‌ప్లే పీసు, ఒళ్లంతయు గీతలు. అందును పెదవులే, మాట లేదు!

జ్ఞానయ్య కోపముతో ఊగిపోయెను.

“గీ కంపినీలోల్లందరు కూడబలుక్కున్నరా ఏంది? టీవీల లొల్లి పడుతది, నీ మాట పడుతది, మా ఇంటామె మాట ఒక్కటే పడదా?”

“కాకా, చిన్నమ్మ మాట్లాడితె కదా పడేది! అప్పటిసంది చూస్తున్న, ఉత్త పెదవులే కదుపుతున్నది. ఆవాజే తీస్తలేదు.”

“ఎందుకు మాట్లాడలే?” అని లిడియా కయ్యిమనెను. “‘పైలంగుండు బిడ్డా’ అన్నది. నేను విన్న గద!”

“నేను గూడ విన్న” అని జ్ఞానయ్య సాక్ష్యము చెప్పెను.

ఆ మాటతో ఇంటివారు ముగ్గురును ఒకరి మొఖమొకరు చూచుకొనిరి. కార్ఖానా మోతలో అరచినను వినబడదు గనుక అక్కడివారు గొంతు విడిచి పెదవులతోనే ముచ్చటింతురు. కండెలు చుట్టుచు ఐలమ్మయు అట్లే నేర్చెను. కార్ఖానాపైనే కాపురము, చుట్టూ చప్పుడున్నంతసేపు ఆమె గొంతు లోపలనే యుండును, ఇంటివారు పెదవులు చూచి విన్నామనుకొందురు. ఇన్నేండ్లుగా పాత క్యామ్‌కార్డరు ఉన్నదున్నట్లు చూపినది. నింద మాత్రము మోసినది.

వైభవ్ టీవీలన్నిటి నోరు మూయించెను. దుకాణము నిశ్శబ్దమయ్యెను. ఐలమ్మ బెదరిపోయెను.

“గింత సప్పుడు లేకుంటె మాటెట్లొస్తది?” అని పెదవులతో అడిగెను.

“మాట్లాడవే, నీకు దండం బెడుత” అని జ్ఞానయ్య డిస్‌ప్లే పీసును కంటికానించుకొనెను. ఐలమ్మ గొంతు సవరించుకొనెను.

“బిడ్డా లిడియా... పైలంగుండు. ప్రభువు నీకు తోడుంటడు. ఆకలైతె అత్తగారింట్ల సిగ్గుపడకు, అడిగి తిను. ఇగ మీ బాపు లెక్క, మంచిదినం వచ్చినప్పుడల్ల కెమెరా ఎనుక దాక్కోకు. కండ్లతోని సూడు.”

సన్నని గొంతు, కొంచెము బొంగురు. పెండ్లయిన కొత్తలో విన్నదే. దానిని తాను మరచిపోయినట్లు జ్ఞానయ్యకు అప్పుడు తెలిసెను, ఏడుపు వచ్చెను. ఆమె పలుకుచుండగనే కెమెరా పట్టిన చేయి తనంతట తానే జారినది. భార్యను ఊరక చూచుచు నిలుచుండెను.

లిడియా ఆ పీసునందుకొని తీసినది వేసి చూపెను. దీవెన ఒక్క అక్షరము పోకుండ పడినది. బొమ్మలో మాత్రము తొలుత ఐలమ్మ మెడ, ఆపై దుకాణపు టైల్సు, చివరిదాక జ్ఞానయ్య చెప్పులు.

“బంగారమసొంటి పీస్. గిదే ఇయ్యి” అనెను వీరుడు.

“గీతలున్నయ్ కాకా. సీల్‌బంద్ డబ్బ ఇస్త. చిన్నమ్మ మాట కార్డుల ఎక్కిస్త, దో మినట్ కా కామ్. కొత్తగ మళ్ల తీసినా అయితది.”

ఆ క్షణమున జ్ఞానయ్య ఉభయకర్ణమాంద్యమును సంపూర్ణముగా ప్రయోగించెను. ఏమియు వినలేదు. గీతల పీసును గుండెకు హత్తుకొని, తగ్గింపైనను అడుగక, మెట్లు దిగెను.

జయము! విజయము! దిగ్విజయము! పెద్దల తలలు కోయుటలో పేరుగాంచిన జ్ఞానయ్య, ఈసారి పెండ్లామును మెడతోనే వదలివేసి, తన చెప్పులను తుదివరకు స్పష్టముగా చిత్రించి, అందులో ఐలమ్మ గొంతును గెలిచెను. ఆ చెప్పులు చూచుచు సూరత్‌లో బిడ్డ వేళకింత తినుగాక!