వేలిముద్ర లేని చెయ్యి

యమున ఎర్రకోట గోడ దాకా వచ్చి తిరిగి వెళ్ళిన ఏడాది, మనుషుల కంటే ఇనుపముక్కలకు త్వరగా గుర్తింపు దొరికే మంచి రోజులు రాజధాని ప్రాంతానికి వచ్చాయి. కాదనేవాళ్ళు ఉంటే శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఢిల్లీ శివారు వైశాలి అవతల పాత ఇనుము గోదాములో నేనూ అంద్రెయా తుక్కు వేరుచేసేవాళ్ళం. వరద తగ్గాక వచ్చిన లారీలో ఒక బరువైన డబ్బా ఉంది. దాని మీద పసుపు చీటీ, చీటీ మీద మూడు రెక్కల బొమ్మ. మూడు రెక్కలంటే ఫ్యాను. ఫ్యానంటే లోపల రాగి తీగ. మా గోదాములో బొమ్మను బట్టే కుప్పలు వేస్తారు. నేను కాటా దగ్గర ఉన్నాను. అంద్రెయ డబ్బా పగలగొట్టాడు. రాగి లేదు, వేలెడంత మెరిసే ముక్క ఉంది. రెండు చేతులా తిప్పి తిప్పి చూశాడు.

"ఏ దేశపు ఫ్యానో బాబాయ్, తీగ లేకుండానే తిరుగుద్ది," అన్నాడు.

పది రోజులకు అతని చేతులు నల్లబడి తోలు ఊడింది. ఆ కుప్ప పక్కనే పడుకునే కుక్కకు బొచ్చు రాలిపోయింది. అంద్రెయ భార్య రెబ్కా ఆసుపత్రిలో నర్సు.

"ఇది నిప్పుకు కాలింది కాదు బాబాయ్ గారూ, రేడియేషన్. మా వార్డులో చేర్చాలి. ఆలస్యమైతే చేతులు తీసేస్తారు," అంది.

చేర్చాలంటే బాధితుడి నంబరు కావాలి. అది ఇచ్చేది రేడియేషన్ వ్యవహారాలు చూసే శాఖ.

ఆమె ఫోను చేస్తే శాఖ వారు వెంటనే వచ్చారు. ముక్కను సీసం పెట్టెలో పెట్టి, ఏసీ వ్యాను ఎక్కించి, ఇద్దరు తుపాకీవాళ్ళను కాపలా ఇచ్చి, పద్నాలుగు అంకెల నంబరు కేటాయించారు. రిపోర్టులో 'ప్రభావితమైన జీవులు: లేవు' అని రాసుకున్నారు. (కుక్క అక్కడే ఉంది. లైసెన్సు లేనందువల్ల అది జీవి కిందికి రాలేదు.)

ముగ్గురం శాఖ ఆఫీసుకు వెళ్ళాం. అధికారి ఫణికుమార్ గారు తెలుగువారే. తెర మీంచి తల ఎత్తరు.

"అంగూఠా లగాయియే," అని వేలిముద్ర యంత్రం ముందుకు తోశారు.

అంద్రెయ కట్టు విప్పి వేలు పెట్టాడు. యంత్రం ఎర్రగా వెలిగింది.

"ప్రింట్ రావట్లేదు. ఇంకో వేలు."

పది వేళ్ళూ అయ్యాయి.

"ముద్ర లేకుండా నంబర్ ఎలా ఇస్తామయ్యా?"

"అవి పోయాయనే కదా సార్ వచ్చింది," అన్నాడు అంద్రెయ.

"అచ్ఛా. అయితే పోయినట్టు సర్టిఫికెట్ తెచ్చుకోండి. పైన ఇస్తారు."

పైన సర్టిఫికెట్ సిద్ధంగానే ఉంది. తీసుకున్నట్టు వేలిముద్ర వేయాలి.

కిందికి దిగాం. "మరి ఆ ముక్క ఏ వేలు పెట్టింది సార్?" అని రెబ్కా అడిగింది.

"దానికి ఎగ్జెంప్షన్ ఉంది మేడమ్." తర్వాత దయ తలచి ఇంకో దారి చూపారు. "బాధితుడు పోతే నామినీ ముద్ర చెల్లుతుంది. మీ వేళ్ళు బాగున్నాయా?"

"నన్నెప్పుడు పొమ్మంటారు సార్?" అన్నాడు అంద్రెయ.

"వర్కింగ్ డే చూసుకోండి. నాలుగు లోపు."

రెబ్కా అతన్ని వరండాలో కూర్చోబెట్టి కట్టు మళ్ళీ కట్టింది. "రేపు సాయంత్రం దాకే వార్డులో మంచం ఆపుతారంట," అంది నాతో.

మర్నాడు పొద్దున బొటనవేలు సబ్బుతో కడుక్కుని ఒక్కణ్ణే వెళ్ళాను. పేరు అంద్రెయ అని చెప్పి యంత్రం మీద పెట్టాను. పచ్చగా వెలిగింది. నంబరు వచ్చింది. (కొత్త నమోదు గనక పోల్చి చూసే నిబంధన లేదు.) ఫణికుమార్ గారు నా ముఖం చూడలేదు. వేలు చూశారు. టైపు కొట్టి చదివి వినిపించారు.

"ముద్ర స్పష్టం. చర్మం ఆరోగ్యం. బాధితుడు కోలుకున్నాడు. చికిత్స అవసరం లేదు. ఫైలు మూయడమైనది."

కోలుకున్నందుకు శాఖ తరఫున అభినందన పత్రం ఇచ్చారు. అందినట్టు వేలిముద్ర వేయమన్నారు. వేశాను.