ఎర్ర పెట్టెలో ఆయుధం

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతాను. ఎందుకంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఎలాగూ తిరుగుతోంది. అది చూసి మీరు ఫోన్ చేసి పరామర్శించడం కన్నా నా నోటితో వినడమే నయం.

మా మామగారి పేరు రామాంజనేయులు. అనంతపురం వైపు ఫైర్ స్టేషన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి మొన్న జూన్‌లో రిటైరయ్యారు. మంటలు ఆర్పీ ఆర్పీ ముఖంలో నవ్వు కూడా ఆర్పేసుకున్నారని నా అనుమానం. పెళ్లయిన ఐదేళ్లలో నన్ను మెచ్చుకుంటూ ఆయన ఒక్క మాట అన్నది లేదు. "అల్లుడు ఏం పని చేస్తాడమ్మా?" అని మా ఆవిడ అశ్వినిని ఇప్పటికీ అడుగుతుంటారు. గచ్చిబౌలిలో పెద్ద ఆఫీసు, టీమ్ లీడ్ అని ఆమె చెబుతుంది. "సరేమ్మా, పని ఏం చేస్తాడు?" అని మళ్లీ అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు.

మా అత్తగారు బంధువుల ఇంట్లో పురుడుందని ధర్మవరం వెళ్లడంతో ఈసారి దసరాకు ఆయనొక్కరే హఫీజ్‌పేటలోని మా ఫ్లాట్‌కు వచ్చారు. నెల రోజులుంటారని అశ్విని సంబరం. నెల రోజులా అని నా కంగారు.

వచ్చిన రోజే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇల్లంతా తనిఖీకి లేచారు. గ్యాస్ స్టవ్ కింద రబ్బరు గొట్టాన్ని వేళ్లతో పిసికి చూశారు. వాషింగ్ మెషీన్ వెనక్కి దూరి వచ్చారు. బాత్‌రూముల్లో హ్యాండ్ షవర్లు లాగి చూశారు. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని నోటితో ఊదారు. అవతలి చివర నేనున్నాను. ఏడాది దుమ్ము నాకే దక్కింది.

"ఈ ఇంట్లో తొమ్మిది హోస్‌లు ఉండాయి. మూడు ఈ పొద్దో రేపో పగుల్తాయి," అన్నారు.

"పైపులా మామా?" అన్నాను ముఖం తుడుచుకుంటూ.

"పైపంటే గోడలో కదలకుండా పడుండేదప్పా. వంగుతూ, మనం పిలిచిన చోటికి వచ్చేది హోస్." నన్ను ఎగాదిగా చూసి, "మొగుళ్లలో కూడా ఆ రెండు రకాలే," అన్నారు.

నేనే రకమో అడగలేదు. అశ్విని మాత్రం వంటింట్లోంచి "పైపే నాయనా," అంది.

అశ్విని గురించి ఒక్క మాట చెప్పాలి. నలుగురిలో నన్ను 'మీరు' అంటుంది. ఇంట్లో 'నువ్వు' అంటుంది. ఇంట్లో కూడా 'మీరు' అన్నదంటే నా పని అయిపోయినట్టే.

ఇక ఆయుధ పూజ సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఎనిమిది ఫ్లాట్లు. వాకిట్లో ఒకటే కుళాయి, దానికొక పచ్చ ప్లాస్టిక్ గొట్టం. పండగనాడు అందరూ బండ్లు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాలి. నిరుడు ఆ గొట్టం కోసం ఇద్దరు పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు చెరో కొసా పట్టుకుని గుంజుకున్నారు. అందుకని ఈ ఏడాది సెక్రటరీ ఉదయ్ భాస్కర్‌గారు ఆన్‌లైన్‌లో షీట్ పెట్టారు. బ్యాంకు మేనేజర్‌గా రిటైరైన మనిషి, టోకెన్ లేనిదే తుమ్మనివ్వరు. మేమంతా చాటుగా స్లాట్ భాస్కర్ అంటాం. తెల్లవారి ఐదు నుంచి తొమ్మిది దాకా ముప్పై స్లాట్లు, బండికి ఎనిమిది నిమిషాలు.

షీట్ శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు తెరిచారు. నేను ఆరున్నరకు చూశాను. అప్పటికి పండగ సీజన్ రైలులో బెర్తుల్లాగా అన్నీ నిండిపోయి ఉన్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అశ్విని అడిగింది. "కారు కడగడానికి స్లాట్ దొరికిందా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. మామగారు అన్నం కలుపుతూ తలెత్తి చూశారు.

"దొరకక ఏడికి పోతది. ఏడు నలభైకి మనదే," అన్నాను.

"మంచిది. మన ఆయుధం మన చేత్తోనే కడుక్కోవల్ల. మా స్టేషన్లో కూడా అంతే. ఎనిమిదిన్నరకు పూజ, ఆ లోపల బండి తయారుగా ఉండల్ల," అన్నారు మామగారు. ఆ చూపులో ఐదేళ్లలో మొదటిసారి కాస్త గౌరవం కనిపించింది నాకు. ఉప్పు అందుకోవడానికి చూశారేమో కూడా, కానీ నేను గౌరవమనే తీసుకున్నాను. ఇక ఆ చూపు పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

పండగ ముందు రోజు మామగారు సెల్లార్‌కు వెళ్లి ముఖం ముడుచుకుని పైకొచ్చారు. గోడకున్న ఎర్ర పెట్టెలో ఫైర్ హోస్ ఉంటుంది కదా, ఒకసారి తీసి చూద్దామని సెక్రటరీని అడిగారట. "అవన్నీ ఏజెన్సీవాళ్లు చూసుకుంటారండి, మీరు ముట్టుకోకండి," అన్నారట ఆయన.

"నాలుగేండ్ల నుంచి విప్పలేదంట. విప్పని హోస్ హోస్ కాదు, గుడ్డ," అన్నారు మామగారు. కుర్చీలో కూర్చుని, "ప్రతి ఏడూ ఈ పొద్దుకు హోస్‌లన్నీ కడిగి, ఆరబెట్టి, చుట్టి, వరసగా పేర్చి బొట్లు పెట్టేవాణ్ణి. ఈ ఏడు నాకు బొట్టు పెట్టడానికి ఏమీ లేదు," అన్నారు.

చిక్కుడుకాయలు తుంచుతున్న అశ్విని చేతులు ఆగిపోయాయి.

"నా ల్యాప్‌టాప్‌కు పెట్టండి మామా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"దానికి మొగం యాడుందప్పా?" అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఈడ నాకు ఏం పనుందిలేమ్మా. సోమవారం బస్సుకు పోతా," అన్నారు.

అశ్విని చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆమె ఏడ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ పూట పప్పులో ఉప్పు లేదు, ఎవరూ అడగలేదు కూడా.

సాయంత్రం నేను సెల్లార్‌కు దిగాను. నాలుగో అంతస్తు నుంచి లిఫ్టులో బకెట్లు మోయడం నిషేధం, మెట్ల మీద మోయడం నా వెన్నుకు నిషేధం. మరేం దారి అని అటూ ఇటూ చూస్తుంటే మా కారు పక్కనే, గోడకు, ఎర్ర పెట్టె కనిపించింది. నీళ్లు అక్కడే, గొట్టం అక్కడే, కారు అక్కడే. స్లాట్ అక్కర్లేదు.

"ఏంది సార్, గట్ల చూస్తున్నరు?" అన్నాడు వాచ్‌మన్ పెంటయ్య.

"దీంట్ల నీళ్లొస్తయా పెంటన్నా?"

"అగ్గి అంటుకుంటే వస్తయంట సార్. మనకు ఎన్నడు అంటుకోలె."

మర్నాడు ఏడున్నరకు అందరూ పైన వాకిట్లో బండ్లు వరసగా నిలిపి పూజల్లో ఉన్నారు. సెల్లార్ ఖాళీ. నేను పెట్టె తెరిచాను. తెల్లటి కాన్వాసు గొట్టం చుట్టచుట్టి ఉంది. ఒక కొసను వాల్వుకు తగిలించాను. రెండో కొసకున్న ఇత్తడి మూతిని కారు బానెట్ మీద పడుకోబెట్టాను. చుట్ట అలాగే నేల మీద వదిలేసి, వెనక్కి వచ్చి వాల్వు చక్రం కొంచెం తిప్పాను.

ఏమీ రాలేదు. ఇంకొంచెం తిప్పాను. గొట్టం నీరసంగా కదిలింది. మన మున్సిపల్ కుళాయి అనుభవం కొద్దీ ఈసారి చక్రాన్ని చివరిదాకా తిప్పేశాను.

బిల్డింగ్ కడుపులో ఎక్కడో ఒక పెద్ద మోటారు మూలిగింది. ఆ వెంటనే ఐదు అంతస్తుల్లోనూ సైరన్ మోగింది. ఒత్తిడి తగ్గితే ఫైర్ పంపు దానంతటదే మొదలవుతుందని, సైరన్ దానికి తోబుట్టువని నాకు తర్వాత చెప్పారు. చుట్టంతా ఒక్కసారిగా విచ్చుకుని లేచింది. ఇత్తడి మూతి బానెట్ దిగి ర్యాంపు వైపు పరుగు తీసింది. నేను వెనకాలే పరుగెత్తి దాన్ని పట్టుకున్నాను. పట్టుకున్నాననే నేను అనుకుంటున్నాను. వీడియోలో అయితే అదే నన్ను పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకుపోతోంది.

పైన ఉదయ్ భాస్కర్‌గారు కొత్త కారుకు హారతి ఇస్తున్నారు. హోస్ దాని ధర్మం అది నెరవేర్చింది, ముందు హారతి ఆర్పింది. తర్వాత వరసలో ఉన్న బండ్లన్నిటి బొట్లూ కడిగింది. అరటి పిలకలు లేచి గోడ మీద పడ్డాయి. నిమ్మకాయలు గేటు దాటి వెళ్లిపోయాయి. కుంకుమ నీళ్లు ఎర్రగా పారుతుంటే, సైరన్ విని మెట్లు దిగివచ్చిన జనం అది చూసి మళ్లీ మెట్లెక్కారు. నేను మాత్రం ఆ గొట్టంతో పాటు ఎటు తిప్పితే అటు తిరుగుతున్నాను. మామగారు చూస్తే వచ్చే జన్మలో కూడా మెచ్చుకోరన్న బాధ తప్ప నాకప్పుడు వేరే ఆలోచన లేదు.

ఆయన చూశారు. పట్టుపంచె ఎగ్గట్టి, అస్సలు తొందర లేకుండా నీళ్లలో నడిచి వచ్చారు. నా వెనక చేరి హోస్‌ను చంకకింద బిగించి, ఒక మోకాలు నేలకు ఆనించారు. అంతే, అది తల్లి దగ్గరికి చేరిన దూడలాగా ఊరుకుంది.

"ఒక్కడే హోస్ పట్టుకోవడం యాడైనా ఉందా అల్లుడా? నువ్వు పక్కకు జరుగు," అన్నారు. మూతి నా చేతిలోంచి తీసుకుని ఏదో తిప్పితే ధార మెత్తని జల్లయింది. నీళ్లు ఎలాగూ ఉన్నాయి కదా అని ర్యాంపు దిగి సెల్లార్‌లోకి వెళ్లి, రెండే నిమిషాల్లో మా కారును పైకప్పు నుంచి చక్రాల దాకా కడిగేసి, పెంటయ్యను వాల్వు మూయమన్నారు. ఆయన పళ్లు నేను మొదటిసారి చూసింది అప్పుడే. మనిషి నవ్వుతున్నారు.

"ఎవరండీ దీన్ని తెరిచింది? రూల్స్ ఉన్నాయండి," అన్నారు ఉదయ్ భాస్కర్‌గారు తడి పంచె పిండుకుంటూ. నలభై ఎనిమిది ఫ్లాట్లూ నా వైపు చూశాయి.

అప్పుడు అశ్విని వచ్చింది. పట్టుచీర, చేతిలో పసుపు కుంకుమల పళ్లెం, ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు.

"డ్రిల్ సార్," అంది చల్లగా. "ఆయుధానికి బొట్టు పెట్టేముందు పనిచేస్తుందో లేదో చూడాలి కదా. మా నాన్నగారు ఫైర్ సర్వీసులో చేశారు. మా ఆయన వాలంటీరు."

మామగారికి డ్రిల్ సంగతి అప్పుడే తెలిసింది. అయినా తడుముకోలేదు. హోస్ ఎత్తి చూపించారు. "మూడు చోట్ల కారతాండాది. జాయింటులో వాషరే లేదు. నిజంగా పై అంతస్తులో అగ్గి పడింటే ఆడికి ధార సరిగా చేరేది కాదు. ఏజెన్సీ నాలుగేండ్లు ఏం చూసినట్టు సార్?"

జనమంతా ఒక్కసారిగా నన్ను వదిలేసి సెక్రటరీని చుట్టుముట్టారు. అడిగినవాళ్లే మళ్లీ అడిగారు. ఉదయ్ భాస్కర్‌గారు చుట్టూ చూసి, దొరికిన ఒక్కటే దారిలో నడిచారు. "రామాంజనేయులుగారూ, ఇకమీదట మీరే చూసుకోవాలండి. ప్రతి ఆదివారం ఒక స్లాట్ వేసుకుందామండి."

"ఒక్కనితో అయ్యే పని కాదు. రెండో మనిషి కావల్ల," అన్నారు మామగారు.

"మా ఆయన ఉన్నారు కదా. ఆదివారం పొద్దున ఆరింటికి ఖాళీయే," అంది అశ్విని. జనం చప్పట్లు కొట్టారు. నా ఆదివారం నిద్ర ఆ చప్పట్లలో పోయింది.

మామగారు హోస్‌ను తుడిచి, చుట్టి, వాకిట్లో పీట మీద పెట్టారు. ఇత్తడి మూతికి గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు నిండుగా లేదని మళ్లీ దిద్దారు.   తర్వాత పదకొండు గంటల దాకా బండ్లన్నిటికీ మళ్లీ బొట్లు పెట్టింది మాత్రం నేనే.

పైకి వెళ్లాక అశ్విని తువ్వాలు అందించింది. "తల తుడుచుకోండి," అంది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. నేను తువ్వాలు పట్టుకుని తలుపు వైపు చూశాను.

"స్లాట్ గురించి జర మాట్లాడాలె..." అని మొదలుపెట్టాను.

"మీకు స్లాట్ లేదని శుక్రవారమే తెలుసు. ఆ షీట్ అందరికీ కనిపిస్తాది. నిన్న ఎర్ర పెట్టె ముందు పది నిమిషాలు నిలబడితిరి కదా, లిఫ్టు దగ్గర నుంచి చూస్తానే ఉన్నా."

"మరి ఆపలేదేంది?"

"ఆపితే బుద్ధిగా రెండు బకెట్లు మోసుకుని కడిగేవాడివి. నాయన సోమవారం బస్సెక్కేవాడు." మళ్లీ 'నువ్వు'లోకి దిగినందుకు నాకు ప్రాణం లేచివచ్చింది. "ఆ పెట్టె తెరిపించాలంటే ఎవరో ఒకరు తప్పు చేయల్ల. అంత నమ్మకంగా తప్పు చేసే మనిషి నువ్వు కాక నాకెవరు దొరుకుతారు?"

సోమవారం బస్సు మామగారు లేకుండానే వెళ్లింది. ధర్మవరం నుంచి మా అత్తగారిని కూడా ఇక్కడికే రమ్మన్నారట.

మొన్న రెండో ఆదివారం, ఆరు గంటలకు, సెల్లార్‌లో ఇద్దరమే. వంద అడుగుల హోస్‌ను నేల మీద పరిచి, నీళ్లు వంచి, మోకాళ్ల మీద పాకుతూ చుట్టాను. మామగారు చుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో నొక్కి చూసి, "బాగా చుట్టినావప్పా," అన్నారు.

నేను లిఫ్టు కోసం కూడా ఆగలేదు. నాలుగు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కి, రొప్పుతూ వంటింట్లోకి వెళ్లి అశ్వినికి చెప్పాను. "మీ నాయన నన్ను మెచ్చుకున్నడు. బాగా చుట్టినవన్నడు."

అశ్విని దోసె తిరగేస్తూ, "అన్నాడా?" అంది. "పోయిన వారమే అనమంటి. ఈ వారానికి నోరొచ్చినట్టుంది."