వెండి బదులు రాగి

అబిడ్స్‌లో వెండి సామాను అమ్మే శ్రీపతికి ఆ ఉదయం పెద్ద పనేమీ లేదు. దుకాణం తెరిచి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, భార్య అహల్యను నాంపల్లిలో ఆమె పాఠాలు చెప్పే కాలేజీ దగ్గర దింపి రావాలి, అంతే. అహల్య ఫిజిక్స్ లెక్చరర్. రెండేళ్లుగా ఒక సోలార్ పలకతో కుస్తీ పడుతోంది. ఈ రోజు దాన్ని ప్రిన్సిపాల్‌కు చూపించాలి.

శ్రీపతి బుజ్జమ్మగారికి కుందులు చూపిస్తుండగా, అహల్య పక్కనే స్టూలు మీద కూర్చుని తోటి లెక్చరర్ సుష్మతో ఫోన్లో మాట్లాడుతోంది.

"ఔ సుష్మా, వెండి మొత్తం తీసేసిన. రాగే వేసిన. చూస్తే ఎవ్వరికీ తెల్వది. ఖర్చు మస్తు తగ్గింది."

బుజ్జమ్మగారి చేతిలో కుంది గాల్లోనే ఆగిపోయింది. తాతల కాలంలో విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆవిడది. పెళ్ళయినా, సీమంతమయినా వెండి ఈ దుకాణంలోనే కొంటారు. "మళ్ళీ వస్తానండీ" అని కుంది మెల్లగా దించి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేలోపే సంగతి చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరింది.

మధ్యాహ్నానికి దుకాణం మెట్ల మీద కూడా జనమే. అందరి చేతుల్లోనూ సంచులు. బేరం ఇంతగా ఎన్నడూ ఎరుగని శ్రీపతి సంబరపడి అందరికీ చాయ్ తెప్పించాడు. ఒక్కరూ ముట్టలేదు.

"మీ నాన్నగారి మొహం చూసి కొన్నామండీ," అంది బుజ్జమ్మ, సంచిలోంచి కంచాలు తీస్తూ. "వీటిలో రాగి ఎంతుందో మీరే చెప్పండి."

"రాగేందమ్మా?"

"మీ ఆవిడే అన్నారుగా, వెండి తీసేసి రాగి వేశానని."

శ్రీపతికి సంగతి అర్థమై నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. "ఔనమ్మా, వేసింది. రెండేండ్ల సంది గదే పని. ఇంట్లనే చేస్తది. ప్రిన్సిపాల్ సారుకు గూడ తెలుసు."

దాంతో కాలేజీ కూడా ముఠాలో చేరిపోయింది. ఉస్మాన్‌గంజ్ వర్తకుడు సురేందర్ కౌంటరు మీద చెయ్యి వేసి, "ఒప్పుకున్నడు. అందరు విన్నరు గదా" అన్నాడు. శ్రీపతి ఏం చెప్పబోయినా ఇంకో నేరం ఒప్పుకున్నట్టే అవుతోంది. ఇక లాభం లేదని భార్యకు ఫోన్ చేశాడు.

అహల్య పలక చంకన పెట్టుకుని కాలేజీ నుంచి ఆటోలో వచ్చి దిగింది.

"సోలార్ పలకల కరెంటును మోసేటియి ఈ సన్న గీతలు. అందరు వెండితోని వేస్తరు. వెండి పిరం. రాగి దండిగ దొరుకుతది. గందుకే రాగి గీతలు వేసిన. జర ఎండల పెడ్త, చూడున్రి."

మెట్ల మీద ఎండ తగలగానే పలకకు తగిలించిన చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, చల్లారిపోయిన చాయ్ మొహమాటంగా అందుకున్నారు.

తండ్రి పేరు మాటకొచ్చింది కనుక శ్రీపతి ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. ఒక్కో వస్తువునూ ఆకురాయితో కాస్త గీకి ఆసిడ్ చుక్క వేశాడు. రాగి ఉంటే పచ్చగా పొంగుతుంది. ఒక్కటీ పొంగలేదు. అతని ఛాతీ మాత్రం కొంచెం పొంగింది.

"ఎలాగూ వచ్చాను, ఇదీ చూడండి," అంటూ బుజ్జమ్మ సంచి అడుగునుంచి పెద్ద దీపపు సెమ్మె తీసింది. "మీ దగ్గర కొన్నది కాదు లెండి. మా అబ్బాయి పెళ్ళిలో వియ్యపురాలు పెట్టింది. అచ్చమైన వెండని పదిమందిలో చెప్పి మరీ పెట్టింది."

చుక్క పడింది. పచ్చగా పొంగింది.

శ్రీపతి తల ఎత్తలేదు. అహల్య సెమ్మెను అటూ ఇటూ తిప్పి చూసి, "పూత మస్తుగ వేసిన్రు. నాకింత నున్నగ రాలె" అంది, నిజంగానే మెచ్చుకుంటూ.

బుజ్జమ్మగారు ఆటో పిలిచి ఎక్కింది. ఆవిడ ఇల్లు నాంపల్లిలో; ఆటో మాత్రం ఖైరతాబాద్‌లోని వియ్యపురాలి ఇంటికి వెళ్ళింది.