పెలెనాతో బస్సులో విరిగిన స్టడ్లు

శనివారం పొద్దున పెలెనాతో అనే బస్సు డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సు ఇంజనుకు పొగగొట్టాన్ని పట్టి ఉంచే స్టడ్లు, అంటే రెండు కొసలా మరలుండే వేలెడంత ఇనుప కడ్డీలు, తుప్పు పట్టాయి. ఆ నాలుగింటినీ మార్చి, స్నానం చేసి, చర్చి గాయకబృందాన్ని సలెలోలోగా అనే ఊరి రేవుకు చేర్చాలి. మధ్యాహ్నం రెండు గంటల ఓడ తప్పితే సముద్రం అవతల ఆపియాలో పాటల పోటీ కూడా తప్పినట్టే.

"రాత్రే నూనె పోసి నానబెట్టాల్సింది కదయ్యా," అంది భార్య లగీ, కోకో అందిస్తూ.

"నూనె నువ్వు తలకు పెట్టుకో. ఇంజను సంగతి నాకొదిలెయ్."

అతను పానా చివర పొడుగాటి గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి లాగాడు. టక్కుమంది. ఆ కోపంతో రెండోదాన్ని ఇంకాస్త గట్టిగా లాగాడు. అదీ టక్కుమంది.

బస్సు ఆలస్యమవుతుందని చెప్పడానికి లగీ తన అక్క తావోఫీకి ఫోను చేసింది. తావోఫీ బృందంలో పాడుతుంది, ఆసుపత్రిలో పళ్ల డాక్టరు గదిలో ఆయాగా పనిచేస్తుంది. ఫోనులో గరగర, పెరట్లో కోడిపుంజు కూత.

"మా ఆయనవి రెండు విరిగాయక్కా! మొదళ్లు లోపలే ఉండిపోయాయి."

"అయ్యో! ఇప్పుడెలా?"

"డ్రిల్లు పెట్టి తనే తీస్తాడట."

"తనేనా! నొప్పి లేదూ?"

"ఆయనకేం నొప్పి? నొప్పంతా నా తలకే."

పళ్లు విరిగిన మనిషికి మతి కూడా పోయి నొప్పి తెలియడం లేదని తావోఫీకి అర్థమైంది. ఆ కబురు పాస్టరు గారిని చేరేసరికి పెలెనాతో దవడ విరిగింది. ఆయన వెంటనే ప్రయాణం రద్దు చేసి, పోటీకి రావడం లేదని ఆపియాకు చెప్పేశారు కూడా.

బస్సు కింద పడుకున్న పెలెనాతోకు కాసేపటికి చక్రాల పక్కన ఇరవై జతల కాళ్లు కనిపించాయి. పైన ఎవరో సన్నగా స్వస్థత పాట ఎత్తుకున్నారు. అతను మసి ముఖంతో బయటికి పాకాడు.

"దేవుడా! ముఖమంతా కమిలిపోయింది!" అని సూపు గిన్నెతో నిలబడ్డ ఆవిడ గొల్లుమంది.

తావోఫీ వెంటబెట్టుకొచ్చిన పళ్ల డాక్టరు యోసువా సంచీ దించాడు. "నోరు తెరవండి."

"నోరెందుకు? విరిగింది ఇంజనులో!"

ఆడవాళ్లు నవ్వలేక గడ్డిమీద కూలబడ్డారు. పాస్టరు గారు మాత్రం నవ్వకుండా మళ్లీ ఆపియాకు ఫోను చేయడానికి పక్కకు వెళ్లారు.

యోసువా వంగి ఇంజను లోపలికి చూశాడు. "మొదళ్లు బయటికి కాస్త కనిపిస్తున్నాయిగా. డ్రిల్లు వద్దు. పన్నయినా మేం ఊరికే లాగం. అటూ ఇటూ కదిపి వదులు చేస్తాం."

చుట్టూ ఉన్న ఇనుమును పొయ్యి మంటతో వేడి చేయించి, నూనె చుక్కలు వేయించి, మొదలును పట్టకారుతో బిగించి పట్టుకున్నాడు. పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు. గంటలో రెండూ మర్యాదగా బయటికొచ్చాయి. మిగతా రెండింటికీ అదే వైద్యం జరిగింది. కొత్తవాటిని పెలెనాతో ముందు వేళ్లతోనే తిప్పి, తరవాతే పానాతో ముట్టుకున్నాడు.

బస్సు పిల్లిలా గురగురలాడింది. పెలెనాతో సంతోషం పట్టలేక నోరంతా తెరిచి నవ్వాడు.

"అలాగే ఉండండి," అన్నాడు యోసువా. "వెనకాల రెండు పుచ్చాయి."

"అవి నన్నేం అనడం లేదు డాక్టరు గారూ!"

"పట్టుకోండమ్మా," అంది లగీ. బృందమంతా పట్టుకుంది.

రెండు గంటల ఓడకు బస్సు చప్పుడు చేయకుండా చేరింది. నోటినిండా దూదితో డ్రైవరూ అంతే.