కంచన్న కొత్త ఆల్బమూ, మా బావ కత్తెరా

రండి రండి, ముందుకు జరగండి! వెనకాల ఆ గుసగుసలు ఆపండమ్మా. బాబాయ్, ఆ ఫోను జేబులో పెట్టు, అదెక్కడికీ పారిపోదు. చెవులు ఖాళీ చేసుకున్నారా? అయితే వినండి.

ముసలి రాపర్ తీసిన చెత్త ఆల్బమంత గొప్ప వరం ఈ లోకంలో ఇంకోటి లేదు!

నవ్వకండి, ఒట్టు! నేను షట్టర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. చదువు లేదు గానీ కళ్లున్నాయి. చూసింది చూసినట్టే చెప్తా. నాలుగు మాటలు ఎక్కువ చెప్తానేమో, తక్కువ మాత్రం చచ్చినా చెప్పను.

కంచన్న తెలుసుగా? కంచుగొంతు కంచన్న! ముప్పై ఏళ్ల కింద ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని రాప్ మొదలెట్టాడు. పైపులో రాని నీళ్ల మీద పాడేవాడు. మేస్త్రీ తిట్ల మీద పాడేవాడు. ఒక గది, ఏడుగురు మనుషులు, ఒకటే ఫ్యాను, గాలి ఎవడికి తగలాలి అని పాడేవాడు. ఆ పాట మోగితే గోడ మీద పెట్టిన మేకులు సుత్తి లేకుండానే దిగిపోయేవి. నేను కళ్లారా చూశా!

అలాంటి కంచన్న ఆ ఇద్దర్నీ వదిలేసి, పదకొండేళ్లు మాయమైపోయి, ఇప్పుడు ఒంటరిగా ఓ ఆల్బమ్ వదిలాడు. పేరు 'నాలో నేను చూసుకున్న నేను'. పదహారు పాటలు. మొదటి పాటంతా కొళాయి చుక్కలు పడతాయి. రెండో పాటలో ఆయన ఆకుని చూస్తాడు, ఆకు ఆయన్ని చూస్తుంది. మూడో పాటలో ఊపిరి పీలుస్తాడు. నాలుగో పాటలో వదులుతాడు.

మరి వరమెలా అయ్యిందంటారా?

మా పక్కింటి వెల్డర్ కూతురు పుట్టినప్పట్నుంచీ కునుకు తీసిన పిల్ల కాదు. రెండో పాట పెట్టారు. పిల్ల పడుకుంది, తల్లి పడుకుంది, గోడ మీద గడియారం కూడా కాసేపు పడుకుంది. మేడ మీద మొగుడూ పెళ్లాలు పొద్దున లేస్తే కొట్లాట. వాళ్లూ విన్నారు. ఇప్పుడు ఒకరి మీద ఒకరు అరుచుకునే ఓపిక లేదు! బీపీ డాక్టరు చీటీ మీద మాత్రలు కొట్టేసి 'భోజనానికి ముందు నాలుగో పాట' అని రాస్తున్నాడంటే నమ్ముతారా? నమ్మండి, మీకే మంచిది.

ఇక అభిమానుల సంగతి చూడండి! ఎంత వినయం వచ్చిందండీ వాళ్లకి! ఒక్కడు బాగోలేదని అనడు.

"పదిసార్లు వింటే గానీ ఎక్కదు అన్నా."

"నేను ఇరవైసార్లు విన్నా."

"ఎక్కిందా?"

"ఇరవైసార్లు విన్నా ఎక్కలేదంటే ఎంత లోతుందో చూడు!"

విలేకరి ఒకాయన వెళ్లి కంచన్ననే అడిగాడు, జనానికి నచ్చలేదంట కదా అని. "ఇది జనం కోసం చెయ్యలేదు, నాకోసం చేసుకున్నా" అన్నాడు. ఎంత గొప్ప మాట! మరి నీకోసమే అయితే స్నానాల గదిలో పాడుకోవచ్చుగా స్వామీ, మా చెవుల్లోకి ఎందుకు దూరావు? అని నేను అడగలేదు. నాకూ వినయం వచ్చేసింది మరి.

సరే, ఇప్పుడు అసలు కథ. మా బావ.

మా అక్క మొగుడికి బస్సు డిపో పక్కన కటింగ్ షాపు ఉంది. డిపో డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ ఆయన దగ్గరికే వస్తారు, షాపు నడిచేదే వాళ్ల మీద. ఆయన పనితనం ఒకటుంది. పాట లేకుండా కత్తెర కదలదు. ఇరవై ఏళ్లుగా కంచన్న పాటకి తగ్గట్టే చెయ్యి ఆడుతుంది. పాట ఉరికితే కత్తెర ఉరుకుతుంది, పాట ఆగితే కత్తెర ఆగుతుంది. పైగా ఆయనే అభిమాన సంఘం అధ్యక్షుడు. సంఘానికి రూలొకటి ఉంది: అన్న కొత్తది వచ్చాక ఏడాది దాకా పాతది పెట్టకూడదు, పెడితే అన్నని అవమానించినట్టే. ఆ రూలు రాసిందెవరనుకున్నారు? మా బావే!

ఇంకేముంది! కొత్త ఆల్బమ్ పెట్టిన మొదటి రోజు టైలర్ ఒకడు వచ్చి కూర్చున్నాడు. బావ కుడిపక్క మొదలెట్టాడు. ఆకు పాట. ఓ వెంట్రుక... కాసేపాగి ఇంకో వెంట్రుక... ఎడమపక్కకి చేరేసరికి కుడిపక్క మళ్లీ పెరిగిపోయింది. మళ్లీ కుడికొచ్చాడు, ఎడమ పెరిగింది. మూడోరోజు టైలర్ ఇంటికెళ్తే వాళ్లావిడ తల చూసి, "కటింగ్‌కని చెప్పి ఎక్కడ తిరిగొచ్చావు?" అని తలుపేసేసింది.

డ్రైవర్లు లేటు. బస్సులు లేటు. ఎదురుగా మెషిన్ కటింగ్ షాపొకటి కొత్తగా తెరిచారు, ఆరు నిమిషాల్లో తల బయటికి పంపేస్తారు. డిపో మేనేజర్ వచ్చి తేల్చి చెప్పాడు: "ఇంకొక్క బస్సు నీవల్ల లేటయిందా, మావాళ్లెవరూ నీ గడప తొక్కరు. అందర్నీ ఎదర షాపుకి పంపిస్తా."

ఆ మర్నాడే పొద్దున, నేనూ షాపులోనే ఉన్నా, సీనియర్ డ్రైవరొకాయన కుర్చీలో కూర్చున్నాడు. తొమ్మిది నలభైకి ఆయన బస్సు. తొమ్మిది ముప్పై రెండయింది. తల సగమే అయింది. స్పీకర్లో ఏడో పాట, పదకొండు నిమిషాలు, అంతా గాలి. ఉత్త గాలి! బావ కత్తెర గాల్లో నిలబడిపోయింది.

మేనేజర్ గడియారం చూసుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బావా, ఆ పాత ఫ్యాను పాట పెట్టు!" అన్నాను.

"రూలురా."

"రాసింది నువ్వేగా, కొట్టెయ్!"

"కొట్టేస్తే అన్న పనైపోయిందని ఒప్పుకున్నట్టేగా!"

మా అక్క లోపల్నుంచి వచ్చింది. "ఏవయ్యా, ఆయన పని సంగతి ఆయన చూసుకుంటాడు. రేపట్నుంచి నీకు పని ఉండాలా వద్దా?"

బావ తలెత్తాడు. ఎదురుగా అద్దం పైన కంచన్న ఫొటో.

ఇంతలో, ఇవాళా లేటేననుకుని బయట బస్సులో జనం మొదలెట్టారు. రేకు మీద ధబ్ ధబ్ ధబ్! "డ్రైవరేడీ? నా డ్యూటీ ఎగిరిపోతే నువ్వొచ్చి సంతకం పెడతావా?" అని ఓ నర్సమ్మ. కండక్టరు గంట, టింగ్ టింగ్. ఓ ముసలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవర్ని, డిపోని, రోడ్డు మీద గుంతల్ని, ఆ గుంతలు పూడ్చనివాళ్ల ఏడు తరాల్ని వరసపెట్టి కడిగేస్తోంది. ఊపిరి తియ్యకుండా! తాపీమేస్త్రీ ఒకడు ఆమె తిట్లకి సరిగ్గా తాపీతో సీటు కమ్మీ మీద కొడుతున్నాడు.

ఆ మోతకి బావ చెయ్యి ఆడబోయింది. కత్తెర ఓసారి చప్పుడు చేసింది. స్పీకర్లో గాలి వీచేసరికి మళ్లీ ఆగింది. బయట బస్సు. లోపల గాలి.

బావ గోడ దగ్గరికెళ్లి స్పీకర్ ప్లగ్గు పీకేశాడు. ఫొటోకేసి చూశాడు. "బాగోలేదన్నా," అన్నాడు మెల్లగా. "పదకొండేళ్లు ఎదురుచూశాం. బాగోలేదు."

ఇక చూడండి! ముసలమ్మ తిట్టు, తాపీ దెబ్బ, కత్తెర కోత! వెంట్రుకలు కాకుల గుంపులా లేచాయి. అవి ఇంకా నేల మీద పడకముందే డ్రైవరు మూడో గేరు వేశాడు. తొమ్మిది ముప్పై తొమ్మిది! మేనేజర్ గడియారం చెవి దగ్గర పెట్టుకుని విని, నిజమే నడుస్తోందని తేల్చుకుని, మాట్లాడకుండా వెళ్లి తనే కుర్చీలో కూర్చుని మెడ వంచాడు.

అందుకే చెప్తున్నా, వరమని! ఆ ఆల్బమ్ అంత చెత్తగా లేకపోతే ఆ బస్సు మాకు వినపడేదా? కంచు ఆయన గొంతులో లేదండీ, ఆ బస్సులో ఉంది. ఒకప్పుడు ఆయన ఆ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లేవాడు, విన్నది పాడేవాడు. ఇప్పుడు దిగిపోయి తన లోపలికి వెళ్లి చూసుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు. ఓ కొళాయి, ఓ ఆకు.

తప్పు ఆయన ఒక్కడిదేనా? "అన్నా, నువ్వు ఊపిరి పీల్చినా పాటే" అని ఇరవై ఏళ్లు ఆయన చెవిలో ఊదిందెవరు? మనమే! ఆయన నమ్మాడు పాపం. పీల్చి రికార్డు చేశాడు.

ఇదే మాట నేను షాపులో అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. బావ దువ్వెన తుడిచి బల్ల మీద పెట్టాడు. అప్పుడు వెనక బెంచీ మీద, మూడో పాటకే గుర్రు పెట్టిన మిక్సీల మెకానిక్ ఒకాయన ఉలిక్కిపడి లేచి, కళ్లు నులుముకుని, గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"నేను చెప్పలా! ఏడో పాట నిదానంగా ఎత్తుకున్నా, చివర్లో ఆ గంటలూ ఆ రేకు మోతా, అబ్బబ్బ! అన్న అన్నే! అది సరే గానీ, ఆ ముసలమ్మని స్టూడియో దాకా ఎలా తీసుకెళ్లాడంటారు?"