పద్నాలుగు గుమ్మడికాయలు

ఆ శుక్రవారం ఆదాము వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ఆఫీసు చేరుకోవాలి. దర్శకుడు ఫోనులో చెప్పే కొత్త క్లైమాక్సు టైపు చేయాలి. నూటపది పేజీల కథ అచ్చు తీసి, అట్టకు నాలుగు మూలలా పసుపు పెట్టించి, సరిగ్గా పదకొండూ ఇరవైకి హీరో చేతికి అందేలా చూడాలి. సాయంత్రం యూసుఫ్‌గూడలో చర్చి ప్రార్థన కూటానికి వెళ్లాలి.

"ఇంతేగా పని, ముఖం అలా పెట్టారేంటండీ?" అంది భార్య కరుణాకుమారి, క్యారేజీ సర్దుతూ.

"ఇంతేగా అనుకున్న రోజే నాకు భయం," అన్నాడు ఆదాము.

ఆయన భయం ఇంటిల్లిపాదికీ అలవాటే. లిఫ్టు ఎక్కితే తాడు తెగుతుందని భయం, మెట్లెక్కితే గుండె ఆగుతుందని భయం. అందుకే మొదటి అంతస్తులో ఉన్న ఉద్యోగం వెతుక్కున్నారని కరుణాకుమారి ఎగతాళి చేస్తుంది. ఆ ఉద్యోగం ఫిల్మ్‌నగర్‌లో, నిర్మాత సూర్యప్రకాశరావు గారి ఆఫీసులో, కథలు టైపు చేయడం. అయితే ఆ రోజు భయానికి కారణం లేకపోలేదు. "ఈ హీరో కూడా కాదంటే ఆఫీసుకు తాళం వేసేద్దాం ఆదాముగారూ," అని నిర్మాత వారం కిందటే అన్నారు. యాభై నాలుగేళ్ల టైపిస్టును ఇంకో ఆఫీసు పిలిచి కుర్చీ వేస్తుందా?

ఎనిమిదింబావుకు క్లైమాక్సు పూర్తయింది. దర్శకుడు సృజన్ చివరి మాటలు చెప్పి, ముక్కు చీదుకుని, హీరోను తీసుకురావడానికి బయల్దేరాడు. సృజన్‌కు ఒక గుణం ఉంది. కథ చెప్పేటప్పుడు కన్నీళ్లతో చెబుతాడు, చెప్పేశాక ఒక్క ముక్క గుర్తుండదు. అందుకని ఆదాము వెంటనే సేవ్ నొక్కాడు.

తెర మీద చిన్న పెట్టె వచ్చింది. మెమరీ చాలదు, తెరిచి ఉన్న ఫైళ్లు కొన్ని మూయండి అని దాని సారాంశం. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. మూడోసారి నొక్కేసరికి బాణం గుర్తు కూడా కదలడం మానేసింది. బాణం మళ్లీ కదిలేదాకా ఆయన ఊపిరి కూడా కదల్లేదు.

మధురానగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టున్న నాగసాయికి ఫోను చేశాడు.

"ఎన్ని ఫైల్స్ ఖుల్లా ఉన్నయ్ సార్?"

"పదిహేను."

"పదిహేనా! అందుకే గిట్ల జేస్తుంది. మెమరీ అంటే వంటింట్ల గట్టు లెక్క సార్. పద్నాలుగు గిన్నెలు గట్టు మీద పరుచుకొని పదిహేనోది ఏడ పెడ్తవ్? పాతయి తీసి లోపల పెట్టు. ఖాళీ ఐతది."

"అవి తీయకూడదు."

"ఎందుకు?"

"తీయకూడదు, అంతే."

"మరి నాకెందుకు ఫోన్ జేసినవ్ సార్?"

ఆదాము ఫోను పెట్టేశాడు. ఎలా చెబుతాడు? సినిమా వాళ్లకు షూటింగు మొదలైతే కొబ్బరికాయ, ముగిస్తే గుమ్మడికాయ. సూర్యప్రకాశరావు గారు ఎప్పుడో ఒక మంచి సినిమా తీసి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఎవరో సంఖ్యాశాస్త్రం చెబితే, మళ్లీ ఒకటో నంబరు నుంచి లెక్క మొదలుపెట్టి ఆరేళ్లలో పద్నాలుగు సినిమాలకు కొబ్బరికాయ కొట్టారు. గుమ్మడికాయ ఒక్కదానికీ కొట్టలేదు. ముహూర్తం చూసి కంప్యూటరులో తెరిచిన సినిమా ఫైలు, గుమ్మడికాయ కొట్టేదాకా మూయకూడదని ఆ ఆఫీసులో నియమం. అందుకని కంప్యూటరును ఆపడం కూడా లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు కాపలా. పాత టైపిస్టు ఒకాయన పొరపాటున ఒక ఫైలు మూసి, కంగారుగా మళ్లీ తెరిచాడట. ఆ వారమే హీరోయిను కాలు విరిగింది, సినిమా ఆగింది, ఆయన ఉద్యోగమూ ఆగింది. ఆదాము చేరిన మొదటి రోజే ఈ కథ విన్నాడు, మళ్లీ ఎన్నడూ మరిచిపోలేదు.

తొమ్మిది దాటింది. ఆదాము కళ్లు మూసుకుని, "ప్రభువా, ఒక్కటే," అనుకుని, అన్నిటికన్నా పాతది, ఒకటో నంబరు ఫైలు మూశాడు.

రెండు నిమిషాలు గడవలేదు. ఫోను మోగింది.

"ఆదాముగారూ," సూర్యప్రకాశరావు గారి గొంతు. "జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆగిపోయిందయ్యా. ఉన్నట్టుండి! అక్కడ ఏమీ కాలేదు కదా?"

"ఏమీ కాలేదు సార్," అన్నాడు ఆదాము. అబద్ధం ఆడినందుకు ఒక భయం, నిజం తెలుస్తుందేమోనని ఇంకో భయం కలిగాయి.

కాకతాళీయం అయి ఉంటుంది, దేవుణ్ణి నమ్మినవాడు ఇలాంటివి పట్టించుకోవచ్చా అని తనను తాను మందలించుకున్నాడు. సేవ్ నొక్కాడు. చాలదంది. రెండో నంబరు మూశాడు. ఈసారి నిర్మాతగారి భార్య శ్యామలాదేవి ఫోను చేసింది.

"ఆదామూ, పూజ గదిలో దీపం కొండెక్కింది నాయనా. మనసేం బాగాలేదు. ఆఫీసులో అంతా క్షేమమేనా?"

"క్షేమమేనమ్మా," అన్నాడు ఆదాము, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని.

మళ్లీ సేవ్ నొక్కాడు, మళ్లీ చాలదంది. ఇక మూడోది మూయడానికి ఆయన చేతులు రాలేదు. ఇది మూస్తే ఈసారి ఎవరికేమవుతుందో? మూయకపోతే క్లైమాక్సు పోతుంది, హీరో పోతాడు, ఉద్యోగం పోతుంది. ఫైళ్లు మూయాలంటే గుమ్మడికాయ కొట్టాలి, అదీ నియమం. మరి కొడితే? చర్చిలో సంఘ పెద్దగా ఉన్న తను గుమ్మడికాయ కొట్టవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. కాసేపు ఆలోచించాడు. గుమ్మడికాయ దేవుడు చేసిన కూరగాయ. ఇంట్లో కూరకైనా దాన్ని పగలగొట్టాల్సిందే. కర్పూరం, కుంకుమల జోలికి పోకుండా ఉంటే చాలు. నమ్మకం నిర్మాతగారిది, చెయ్యి తనది. మనసు పూర్తిగా కుదుటపడలేదు గాని, గడియారం అంతకన్నా గట్టిగా భయపెడుతోంది.

నాగసాయికి మళ్లీ ఫోను చేశాడు. "నువ్వు వెంటనే రావాలి. వచ్చేటప్పుడు పద్నాలుగు బూడిద గుమ్మడికాయలు పట్టుకురా."

"సార్, పన్నెండేండ్ల సంది ఈ పని జేస్తున్న. గీ స్పేర్ పార్ట్ ఎన్నడు అడగలే ఎవ్వరు."

పదింబావుకు ఆటో వచ్చింది. వెనక సీటు నిండా గుమ్మడికాయలు, వాటి మీద నాగసాయి పనిముట్ల సంచి, డ్రైవరు పక్కన ఇరుక్కుని నాగసాయి. విషయం విన్నాక అతను నవ్వలేదు. "ఫికర్ చెయ్యకు సార్. ఫైల్ మూస్తే ఏడికి పోదు, లోపల భద్రంగుంటది. నేను పైన కూసుంట. నువ్వు కొట్టినంక గట్టిగ ఒర్లు, నేను మూస్త," అన్నాడు.

ఆదాము గేటు ముందు నిలబడి మొదటి కాయను నెత్తిమీదికి ఎత్తి నేలకేసి కొట్టాడు. తెల్లటి ముక్కలు రోడ్డు మధ్యదాకా ఎగిరాయి.

"ప్రొడక్షన్ నంబర్ ఒకటి అయిపోయింది! మూసెయ్!" అని కిటికీ వైపు అరిచాడు.

"మూసే ఉంది సార్! రెండోది కొట్టు!"

"ప్రొడక్షన్ నంబర్ రెండు అయిపోయింది!"

కాసేపు ఏ ఫోనూ మోగలేదు. ఆదాముకు కొంచెం ధైర్యం వచ్చింది. మూడు కొట్టాడు, నాలుగు కొట్టాడు. అయితే ఫిల్మ్‌నగర్ వీధిలో నిలబడి ఫలానా సినిమా అయిపోయిందని గొంతెత్తి అరిస్తే వినేవాళ్లు ఉంటారన్న సంగతి ఆయనకు తట్టలేదు. నాలుగో కాయ దగ్గర ఒక లైట్‌మ్యాన్ బండి ఆపాడు. ఐదో కాయకు ఎదురింటి ఆఫీసువాళ్లు బాల్కనీలోకి వచ్చారు. ఆరో కాయ వీడియోలోకి ఎక్కింది. ఏడో కాయ పగిలేసరికి, సూర్యప్రకాశరావు గారు పద్నాలుగు సినిమాలు గుట్టుచప్పుడు కాకుండా పూర్తి చేశారన్న కబురు కృష్ణానగర్ దాటి శ్రీనగర్ కాలనీ చేరిపోయింది.

శ్రీనగర్ కాలనీ నుంచి మొదట దిగినవాడు పట్టాభిరామయ్య. తండ్రి వేషాలు వేసే పాతకాపు.

"ఏమయ్యా ఆదామూ! ఆరో నంబర్లో నేను చచ్చిపోయే సీను ఇంకా తియ్యనే లేదు. నేను లేకుండానే నన్ను చంపేశారా?"

"అదేం లేదండీ..."

"మరి బతికించారా? బతికిస్తే కథ ఏం నిలబడుతుందయ్యా?"

ఆయన వెనకే ఒక పంపిణీదారు పూలగుత్తితో వచ్చాడు. ఆయన వెనక మైకు పట్టుకున్న అమ్మాయి వచ్చింది. "సార్, పద్నాలుగు సినిమాలు ఒకేరోజు ముగించారు కదా, మీ ఫీలింగ్ ఏంటి?" అని మైకు ఆదాము నోటి దగ్గర పెట్టింది.

"భయంగా ఉందమ్మా," అన్నాడు ఆదాము నిజాయితీగా. జనం చప్పట్లు కొట్టారు.

ఎనిమిదో కాయ కొట్టడానికి చోటు చేయమని నలుగురిని బతిమాలుకోవాల్సి వచ్చింది. తొమ్మిదో కాయ పగలగానే కిటికీలోంచి నాగసాయి తల బయటపెట్టి కేక వేశాడు. "సేవ్ అయింది సార్! క్లైమాక్స్ సేవ్ అయింది! ప్రింట్ కొట్టిన!"

ఆదాము మిగిలిన ఐదు కాయల పక్కనే మెట్టు మీద కూలబడి, "స్తోత్రం ప్రభువా," అన్నాడు. తలెత్తేసరికి ఎదురుగా ఒక ఆటో ఆగి ఉంది. అందులోంచి సూర్యప్రకాశరావు గారు దిగుతున్నారు. ఆ వెనకే పెద్ద కారు. అందులో సృజన్, హీరో చరణ్ తేజ. టైము పదకొండూ పది.

నిర్మాత రోడ్డు మీది తెల్లటి ముక్కలను చూశారు, జనాన్ని చూశారు, ఆదామును చూశారు. ఆదాము లేచి చేతులు కట్టుకుని, జరిగినదంతా చెప్పేశాడు.

"తొమ్మిది మూశాను సార్. మొదటి రెండూ గుమ్మడికాయ కొట్టకముందే మూశాను. మీ కారు ఆగింది అందుకే. అమ్మగారి దీపం కూడా..."

"కారులో పెట్రోలు అయిపోయిందయ్యా," అన్నారు సూర్యప్రకాశరావు గారు మెల్లగా. "దీపం మీదికి ఫ్యాను వేసింది మా ఆవిడే. ఇందాకే చెప్పింది." దగ్గరకు జరిగి, ఆదాముకు మాత్రమే వినబడేలా అన్నారు. "ఆరేళ్లుగా ఎవరైనా మూసేస్తే బావుణ్ణని చూస్తున్నానయ్యా. నా నోటితో మూయమని చెప్పడానికి భయం."

ఆదాము ఆశ్చర్యంగా ఆయన ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లూ తను భయపడింది ఇంకో భయస్తుడికి!

ఈలోగా చరణ్ తేజ దగ్గరకు వచ్చాడు. "సార్, పద్నాలుగు సినిమాలు ముగించారట! మీరు మొదలుపెట్టడమే గాని ముగించరని అందరూ నన్ను బెదిరించారు."

ఒక్క 'అవును' అంటే చాలు. మైకు అక్కడే ఉంది. నిర్మాత ఔననకూడదని ఆదాముకు ఒకవైపు, అనకపోతే తన ఉద్యోగం ఏమవుతుందని మరోవైపు భయం.

సూర్యప్రకాశరావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ముగించలేదు బాబూ. ఆగిపోయాయి. ఆగిపోయాయని ఒప్పుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఈ కాయలు అందుకు."

పంపిణీదారు పూలగుత్తిని వెనక్కి దాచుకున్నాడు. చరణ్ తేజ ముక్కల వైపు, ఆయన వైపు చూసి, "నా దగ్గరకొచ్చిన నిర్మాతల్లో ఆగిందని ఒప్పుకున్నది మీరొక్కరే సార్. కథ ఇవ్వండి," అన్నాడు.

సరిగ్గా పదకొండూ ఇరవైకి వేడివేడి కాగితాలు చరణ్ తేజ చేతికి వెళ్లాయి. నిలబడే చివరి పేజీలు చదివి, కళ్లు తుడుచుకుని, చేస్తానన్నాడు. పక్కనుంచి తొంగి చూసిన సృజన్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. "అద్భుతంగా ఉందండీ, ఎవరు రాశారు?" అని ఆదాము చెవిలో అడిగాడు.

సాయంత్రం ప్రార్థన కూటానికి బయల్దేరుతూ ఆదాము నిర్మాతను అడిగాడు. "సార్, ఇంకా ఐదు ఫైళ్లు, ఐదు కాయలు మిగిలాయి. రేపు పొద్దున..."

సూర్యప్రకాశరావు గారు అటూ ఇటూ చూశారు. "ఆ ఐదూ ఉండనివ్వండి ఆదాముగారూ. వాటి మీద ఇంకా కొంచెం ఆశ ఉంది. కాయలు మీరు తీసుకెళ్లండి."

ఇంట్లో కరుణాకుమారి వాటిని చూడగానే కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది.

"వడియాలు పెట్టేస్తావా?" అన్నాడు ఆదాము కంగారుగా. "ఆ సినిమాలు పూర్తయితే కాయలు ఎక్కడినుంచి తేను?"

"పూర్తయిన రోజు చూద్దాం లెండి," అంది కరుణాకుమారి.

వడియాలు ఎండాయి, డబ్బాలకెక్కాయి, ఆర్నెల్లు తిన్నాక అయిపోయాయి కూడా. ఆ ఐదు సినిమాలకు కొత్త గుమ్మడికాయలు కొనాల్సిన అవసరం మాత్రం ఇంకా రాలేదు.