గేటెక్కిన డాక్టర్ కంటక్

వియ్యాలవారు వచ్చేలోగా కొత్త మేడకు దిష్టిబొమ్మ కట్టించేయాలి. ఆ పొద్దున ధనమ్మ అనుకున్నది అంతే, అంతకు మించి ఏమీ లేదు. ఉద్దానంలో, జీడితోట పక్కన అంత మేడ లేస్తే ఊరి కళ్లు ఊరుకుంటాయా మరి? పైగా ఆ రోజే కూతురు హేమలత సంబంధం ఖాయం కావాలి. పిల్లాడు మూలపేట పోర్టు పనుల్లో ఇంజనీరు. ఇద్దరూ ఇష్టపడ్డారు. మిగిలింది అతని తండ్రి లోకనాథం గారి మాట. మజ్జిగ ఇచ్చిన గ్లాసు మీద వేరేవాళ్ల పేరు చెక్కి ఉందని, కొడుక్కి చూసిన వెనకటి సంబంధం వదిలేసి లేచి వచ్చేసిన మనిషాయన. ఆయన్ని ఈ ఇంట్లో హేమలత తప్ప ఎవరూ చూడలేదు, అదీ ఫోనులో ఫొటో.

ధనమ్మ భర్త ఢిల్లేశ్వరరావు పలాస వెళితే మామూలు దిష్టిబొమ్మలు అయిపోయాయన్నారు. సరేనని ఫ్లెక్సీల కొట్టుకు పోయాడు.

"సూస్తే గుండాగిపోవాల. అలాటి దుర్మార్గుడి మొకం ఎయ్యి బావూ."

"అయితే డాక్టర్ కంటకే. బొమ్మల పుస్తకాల్లో హీరోకి పుట్టుశత్రువు" అన్నాడు కొట్టాయన.

ఒక్కడికి ఎన్ని ముఖాలో! పుస్తకంలో కొమ్ములు, మీసాలు. టీవీ బొమ్మల్లో పచ్చటి బక్కవాడు. పాత సినిమాలో ఒంటికన్ను. కొత్త సినిమాలో మాత్రం బట్టతల, కోటు, పెదవి చివర చిన్న నవ్వు.

"ఈళ్లలో పెద్ద ఎదవ ఎవుడు?"

"ఈ నవ్వేవోడే. కొమ్ములున్నోడ్ని సూసి జనం తప్పుకుంటారు. ఈడు మనింట్లో టీ తాగీసి, కప్పు కడిగెట్టీసి, మరీ ఊరు పేల్చేత్తాడు."

ఢిల్లేశ్వరరావు ఒళ్లు జలదరించింది. ఆ నవ్వేవాడినే నిలువెత్తున వేయించి తెచ్చి గేటు మీద కట్టాడు. కింద మిరపకాయలు, నిమ్మకాయలు వేలాడదీశాడు.

హేమలత చీర కట్టుకుని బయటికొచ్చి చూసింది. కేక పెట్టింది.

"నాన్నా! మావగారిని గేటుకి కట్టినావేటి?"

ఫోను తీసి చూపించింది. అదే బట్టతల. అదే నవ్వు. ధనమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, నా కూతురి బతుకు! కాబోయే వియ్యంకుడికి మిరపకాయలు కట్టినావా మావా?"

"కంగారెందుకు? పుస్తకంలో ఈడికి కొమ్ములున్నాయి కదా. అవే గీసీగలం, మావగారి పోలికే ఉండదు" అన్నాడు ధనమ్మ తమ్ముడు తిరుమలరావు. బొగ్గు పట్టుకుని నిచ్చెనెక్కాడు. రెండు కొమ్ములు, గుబురు మీసం గీశాడు.

అందరూ తలెత్తి చూశారు. ఇంతకుముందు లోకనాథం గారిలా ఉన్నవాడు, ఇప్పుడు కోపమొచ్చిన లోకనాథం గారిలా ఉన్నాడు.

"బేగి తుడుసు మావయ్యా!" అని హేమలత తడిగుడ్డ విసిరింది. తిరుమలరావు దాన్ని అందుకుని రెండో కొమ్ము మీద పెట్టాడో లేదో, కారు వచ్చి గేటు ముందు ఆగింది.

లోకనాథం గారు దిగారు. వెనకే ఆయన భార్య కుమారి. ఆయన తల పైకెత్తి తనను తాను చూసుకున్నారు. తర్వాత మిరపకాయలను. తర్వాత నిచ్చెన మీద గుడ్డతో కొయ్యబారిన తిరుమలరావును.

"కుమారీ" అన్నారాయన. "సూసినావా? ఇన్నాళ్లు ఉద్యోగం సేసినాను. రిటైరైన్నాడు గూడా నాకెవుడూ ఫ్లెక్సీ ఎయ్యనేదు. ఈళ్లు ఏసినారు. ఓర్వలేక ఎవులో కొమ్ములు గీసీసినారు! పాపం, ఈ బాబు తుడుత్తన్నాడు."

తిరుమలరావు ఇంకా గట్టిగా తుడవసాగాడు.

"దిష్టి తగల్దా మరి! ముందే మిరపకాయలు కట్టినారు, తెలివైనోళ్లు" అని ఢిల్లేశ్వరరావును కౌగిలించుకున్నారు. "బావా, పిల్ల మాదే. ముహూర్తం ఎట్టించీ."

లోపల ధనమ్మ గారెలు వడ్డిస్తోంది. కుమారి ఆమె పక్కకు జరిగి చెవిలో అంది: "వదినా, ఆ సినిమా నాను రెండుసార్లు సూసినాను."

ధనమ్మ చేతిలోని గరిటె జారి పడింది.

"ఊరుకో వదినా. పెళ్లయిన కాడి నుంచి ఆయన సంతోషంగా ఉండడం నాను సూడ్డం ఇయ్యాలే."

వెళ్లేటప్పుడు లోకనాథం గారు ఆ ఫ్లెక్సీని అడిగి మరీ చుట్ట చుట్టించుకున్నారు. ఇప్పుడది టెక్కలిలో వాళ్ల గేటు మీద ఉంది. ఆ ఇంటికి ఇంతవరకు దిష్టి తగల్లేదు.